వంత లేని పాట: నివాళి ఆల్బమ్‌లలో పాటకవి ఎంతవరకు మిగులుతాడు?

అందెశ్రీ పాటల్లో అందరి నోటా నానిన పల్లవి ఒకటుంది: ‘మాయమైపోతున్నడమ్మా మనిషన్నవాడు’. కాగితం మీద పెట్టి మాత్రలు లెక్కిస్తే ‘మాయమై’ ఐదు, ‘పోతున్న’ ఐదు, ‘డమ్మా’ నాలుగు. ఆ తర్వాత ‘మనిషన్న’ మళ్లీ ఐదు. నడక ఎక్కడా తొట్రుపడదు. ఈ పాటను కొత్తగా పాడేవాళ్లలో కొందరు, అచ్చువేసేవాళ్లలో మరికొందరు దీన్ని ‘పోతున్నాడమ్మా’ అని సరిదిద్దుతారు. ‘న్న’కు దీర్ఘం పడగానే ఐదు మాత్రలు ఆరవుతాయి. పెరిగిన ఆ ఒక్క మాత్రను గాయకుడు ఎక్కడో ఒకచోట మింగక తప్పదు. దగ్గర్లో దొరికేది ‘డమ్మా’ కాబట్టి దాన్ని గబుక్కున ముగించేస్తాడు. పాటలోని బాధంతా మోస్తున్న ఆ ‘అమ్మా’ అనే పిలుపు నలిగిపోతుంది. ‘పోతున్నడు’ అన్నది యాస కోసం అద్దిన రంగు అనుకున్నవాళ్లే దాన్ని దిద్దుతారు. పాట లెక్క మొత్తం దాని మీద నిలబడి ఉందని వాళ్లకు తోచదు.

అందెశ్రీ 2025 నవంబరు 10న కన్నుమూశారు. ఒకప్పటి వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడి చదువు లేకుండా పెరిగి, గొర్రెలు కాసి, భవన నిర్మాణ కూలీగా చెమటోడ్చి పాట కట్టిన మనిషి. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇలాంటి పాటకవి పోయినప్పుడు ఉత్తర తెలంగాణలో తర్వాత జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వంటి ఊళ్లలోని చిన్న స్టూడియోలకు చేతినిండా పని దొరుకుతుంది. ఆయన పాటల్ని కొత్త గొంతులతో, కొత్త వాద్యాలతో మళ్లీ రికార్డు చేసి నివాళిగా విడుదల చేస్తారు. ప్రేమతో చేసే పనే అది. ఆ ప్రేమ చేతిలో పాట ఏమవుతోందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి.

దీనికి ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఉంది. ఈ నేల నుంచి వచ్చిన పాటకవులు రెండు రకాల పాటలు రాశారు. ఒక రకం మైకు ముందు పుట్టింది. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేట నుంచి వెళ్లిన సి. నారాయణరెడ్డి, మానుకోట దగ్గరి చిన్నగూడూరు నుంచి వెళ్లిన దాశరథి కృష్ణమాచార్య, చిట్యాల మండలం చల్లగరిగె నుంచి వెళ్లిన చంద్రబోస్ సినిమాకు రాసిన పాటలు ఈ రకానివి. రెండోది మంది ముందు పుట్టింది. దండేపల్లి మండలం లింగాపూర్‌కు చెందిన గూడ అంజయ్య పాటలు, అందెశ్రీ పాటలు ఆ కోవకు వస్తాయి. మొదటి రకానికి అసలు ప్రతి అంటూ ఒకటి ఉంటుంది: తొలి రికార్డింగు. రెండో రకానికి అలాంటి ప్రతి ఏదీ ఉండదు. నిన్న పరకాలలో పాడినట్టు నేడు జమ్మికుంటలో పాడరు. ఈ రెంటినీ ఒకే తీరుగా స్టూడియోకు తీసుకెళ్లడంలోనే చాలా నివాళులు దారి తప్పుతాయి.

సినిమా పాట సంగతి ముందు చూస్తే, అక్కడ పాటకవికి నివాళి అన్న మాటే అరుదు. 1962లో వచ్చిన ‘గులేబకావళి కథ’తో సినారె సినిమా ప్రయాణం మొదలైంది. అందులోని ‘నన్ను దోచుకొందువటే’ పాటను ఈరోజు ఏ సభలో పాడినా అది ఘంటసాలకు నివాళి, సుశీలకు నివాళి. ఏటా ఫిబ్రవరి 11న ఊరూరా ఘంటసాల ఆరాధన జరుగుతుంది. ఆ వేదికల మీద వినిపించే పాటల్లో దాశరథివి, సినారెవి ఎన్నో ఉంటాయి. రాసినవాడి పేరు వ్యాఖ్యాత గుర్తుంచుకుంటే చెబుతాడు, లేకపోతే లేదు. హిందీలోనూ ఇదే తీరు. 1992లో లతా మంగేష్కర్ ‘శ్రద్ధాంజలి’ పేరుతో తనకంటే ముందు వెళ్లిపోయిన గాయకుల పాటలు పాడి ఆల్బమ్‌గా తెచ్చారు. అది సైగల్, రఫీ, ముకేశ్ వంటి గొంతులకు అర్పించిన శ్రద్ధాంజలి. ఆ పాటల మాటలు ఎవరివో పట్టించుకోవలసిన అవసరం దాని శీర్షికకే లేదు. 2023లో ఆస్కార్ వేదిక మీద కీరవాణి పక్కన చంద్రబోస్ కూడా ప్రతిమ అందుకోవడం చూసి చాలామందికి, పాటకు బహుమతి అంటే రాసినవాడికి కూడా అని అప్పుడే తట్టింది.

గొంతుకు నివాళి అయినప్పుడు పాడేవాడి ముందు ఒకటే లక్ష్యం ఉంటుంది: అసలు గొంతుకు ఎంత దగ్గరగా వెళ్లగలడన్నది. ఈ విషయంలో ఓరుగల్లువాళ్లకు ఒకరు పాఠం చెప్పాల్సిన పనిలేదు. ధ్వన్యనుకరణను కళగా నిలబెట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఊరు ఇది. ఆయన ఒక్క గొంతుతో ఇంగ్లిష్ సినిమాల సన్నివేశాలను నేపథ్య శబ్దాలతో సహా వినిపించేవారు. అక్కడ జనం చప్పట్లు కొట్టింది గొంతు కలిసినందుకు మాత్రమే కాదు. ఒకే మనిషి నోట అంతమంది పలకడం, ఒకరి గొంతు నుంచి మరొకరి గొంతుకు రెప్పపాటులో జారిపోవడం, ఆ కూర్పు అంతా ఆయన సొంతం. ఘంటసాల పాటను ఘంటసాలలాగే పాడిన ఆల్బమ్‌లో ఆ కూర్పు కూడా ఉండదు. అసలు రికార్డు ఫోనులో ఉచితంగా దొరుకుతుంటే నకలు ఎందుకు వినాలన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

మరి సినిమా పాటకవికి న్యాయం చేసే నివాళి ఎలా ఉండాలి? దాశరథినే తీసుకుంటే, ఆయన శతజయంతి 2025 జూలైలో వచ్చింది. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన కవి. తెలంగాణను కోటి రతనాల వీణ అన్న కవి. అదే మనిషి 1961లో ‘ఇద్దరు మిత్రులు’ కోసం ‘ఖుషీ ఖుషీగా నవ్వుతూ’ రాశాడు. ఉర్దూ మాటను పల్లవి మొదట్లోనే అంత హాయిగా కూర్చోబెట్టడం హైదరాబాదు రాజ్యంలో పెరిగిన చెవికి చాలా సహజం. కొన్నేళ్లకు ‘రంగుల రాట్నం’లో ‘నడిరేయి ఏ జాములో’ అంటూ భక్తుడి గొంతుతో ఆర్తిగా అడుగుతాడు. 1973లో ‘కన్నె వయసు’ పాటలో పారిజాతం ఏ దివిలో విరిసిందని ఆశ్చర్యపోతాడు. సినిమాలు వేరు, సందర్భాలు వేరు. ఈ పాటలన్నీ విడివిడిగా అందరికీ తెలుసు. ఇవన్నీ ఒకే చేతి నుంచి వచ్చాయన్నది మాత్రం అందరికీ తెలియదు.

నివాళి ఆల్బమ్ చేయగల పని ఇక్కడ ఉంది. గొప్పగా పాడటం కంటే తెలివిగా ఎంచడం, ఒకదాని పక్కన ఒకటి పేర్చడం. జైలు పద్యం వినిపించిన వెంటనే ‘నడిరేయి’ వినిపిస్తే, ఆ రెండింటిలోనూ చీకటిలో నిలబడి వెలుతురు కోసం అడిగే మనిషి ఒకడే అని వినేవాడికి తోస్తుంది. సినారె విషయంలో ఇంకా ఎక్కువ అవకాశం ఉంది. ఆయన చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు, జానపదాలు వింటూ పెరిగారు. ప్రసిద్ధ ఒగ్గు కథకుడు మిద్దె రాములు కూడా ఆ హనుమాజీపేటవాడే. సినారె తన గజళ్లను తానే పాడి వినిపించేవారు కూడా. ఒగ్గు దరువు, కవి సొంత గొంతులో గజల్, సినిమా యుగళగీతం ఒకదాని వెనక ఒకటి వస్తే, ‘జ్ఞానపీఠ గ్రహీత’ అన్న బిరుదు చెప్పలేని సంగతులు బయటికొస్తాయి. ఇప్పుడు వస్తున్న సంపుటాల్లో ఎక్కువ భాగం ‘మధుర గీతాలు’ అన్న ఒక్క గంపలో అన్నింటినీ పోసేవే. పాటలు బాగున్నాయి కాబట్టి ఆల్బమ్ కూడా బాగుందనిపిస్తుంది. అందులో కూర్చినవాడి ఘనత ఏమీ లేదు.

మంది ముందు పుట్టిన పాట దగ్గరికి వస్తే వ్యవహారం మరింత చిక్కుగా ఉంటుంది, మరింత రుచిగానూ ఉంటుంది.

ఈ పాటల నిర్మాణంలో రెండో గొంతుకు మొదటి నుంచే చోటు ఉంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఒకరు పాదం ఎత్తుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. ఆ ‘ఉయ్యాలో’ పలికే వ్యవధిలోనే ముందున్నామె ఊపిరి పీల్చుకుంటుంది, తర్వాతి పాదం గుర్తు చేసుకుంటుంది, కొన్నిసార్లు అప్పటికప్పుడు అల్లుతుంది కూడా. ఒగ్గు కథలో ప్రధాన కథకుడి మాటకు పక్కవాళ్లు వంత పలుకుతారు, అడ్డుపడతారు, ఎగతాళి చేస్తారు. దీన్నే వంత అంటారు. వంతను అలంకారంగా చూస్తే దాని పని అర్థం కాదు. ఆ ఖాళీ లేకపోతే పాట ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ నేల మీది పాటకవులు తమ చరణాలను ఈ కొలతకే కోశారు. పాదం నిడివి ఒక ఊపిరి, వంత నిడివి ఒక ఊపిరి.

గూడ అంజయ్య ‘ఊరు మనదిరా ఈ వాడ మనదిరా’ పాట దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్లిన పాట అది. అందులో కవి పనిముట్లను ఒక్కొక్కటిగా ఎత్తి చూపిస్తూ అవన్నీ మనవే అంటాడు. అన్నీ మనవైతే నడుమ ఈ దొర ఎవడన్నది అసలు ప్రశ్న. అంటే పాట మొత్తం ఒక లెక్క అప్పజెప్పడం, ఆ పైన ఒక నిలదీత. ఆ లెక్క ఒక్కడు అప్పజెబితే దానికి బలం ఎక్కడిది? ‘మన’ అన్న మాటకు అర్థం వచ్చేది పదిమంది దాన్ని తిరిగి పలికినప్పుడే. చావిడి దగ్గర పాడినప్పుడు ఒకడు ‘మనది’ అంటాడు, ఊరు ‘మనది’ అంటుంది. ఆ క్షణానికి ఆ మాట నిజమవుతుంది.

ఇదే పాటను నివాళి కోసం పేరున్న గాయకుడికి అప్పగిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గౌరవించాలన్న ఉద్దేశంతోనే మంచి గొంతును ఎంచుకుంటారు. ఆ గొంతు ‘మనదిరా’ దగ్గర గమకం వేస్తుంది, పై స్థాయికి వెళ్లి ఆగుతుంది. వంతకు ఉంచిన ఖాళీలో ఫ్లూటు వస్తుంది. కోరస్ కావాలి కదా అని ఇద్దరు ముగ్గురు స్టూడియో గాయకులతో నాలుగైదు సార్లు పాడించి, ఒకదాని మీద ఒకటి పేర్చి పదిహేను మందిలా వినిపిస్తారు. అందరూ ఒకే అక్షరం దగ్గర మొదలుపెట్టి ఒకే అక్షరం దగ్గర ఆపుతారు. ఊళ్లో మంది అలా పాడరు. ఒక ముసలామె అరక్షణం ముందే అందుకుంటుంది, వెనక వరసలో ఒకడు అరక్షణం ఆలస్యంగా ముగిస్తాడు. ఆ అంచులు చెదిరి ఉండటం వల్లే అది మంది అని చెవికి తెలుస్తుంది. అంచులు కత్తిరించిన కోరస్ ఎంత పెద్దదైనా అద్దెకు తెచ్చినట్టే ఉంటుంది.

డప్పు సంగతి మరీ చోద్యం. బయట డప్పు కొట్టేముందు గడ్డి మంట వేసి తోలును కాగబెడతారు. కాగిన తోలు ఖంగుమంటుంది. పొద్దు వాలి గాలి చల్లబడేకొద్దీ తోలు వదులై శ్రుతి దిగుతుంది, మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్లాలి. పాడేవాడు ఈ ఎత్తుపల్లాలకు తగ్గట్టు గొంతు సర్దుకుంటూ పోతాడు. చిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఒక చేత పట్టుకున్న మనిషి పాటలో కోపం పెరిగే చోట తెలియకుండానే దరువు తొందర చేస్తాడు, బాధ వచ్చే చోట సాగదీస్తాడు. స్టూడియోలో గాయకుడి చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉంటాయి. అందులో గడియారంలా టక్కు టక్కుమని ఒకే వేగంతో క్లిక్ వినిపిస్తుంటుంది. డప్పు శబ్దం కంప్యూటర్‌లో ముందే దాచిన ముక్క నుంచి వస్తుంది. మొదటి చరణంలో ఎంత వేగమో, చివరి చరణంలోనూ అంతే. పాటలో మాటలు రాజుకుంటున్నా దరువుకు ఆ సెగ తగలదు.

చరణాల కోత మరొకటి. పది పన్నెండు చరణాల పాట నాలుగు నిమిషాల ఆల్బమ్‌లోకి రావాలంటే మూడే మిగులుతాయి. ఏ మూడు మిగిలాయో చూస్తే ఆల్బమ్ తీసినవాడి మనసు తెలుస్తుంది. సాధారణంగా మిగిలేవి ఊరి అందం చెప్పేవి, అమ్మను తలచుకునేవి. పోయేవి పేరుపెట్టి నిలదీసేవి. అలా కోయగా కోయగా నిలదీసిన కవి కాస్తా ప్రకృతి కవిగా మారిపోతాడు. ఫార్మసీ చదివిన గూడ అంజయ్య ‘నేను రాను బిడ్డో సర్కారు దవాఖానకు’ అంటూ ఆసుపత్రి మీద రాసిన పాటలో నవ్వు, ఏడుపు ఒకే గుక్కలో ఉంటాయి. మందులేవో, రోగులెవరో దగ్గర నుంచి తెలిసినవాడి వెటకారం అది. కొత్తగా పాడేవాళ్లు దాన్ని పూర్తిగా శోకం చేస్తారు, లేదంటే పెళ్లి బరాత్‌లో డీజే మీద ఎగిరే పాట చేస్తారు. రెండింటికీ మధ్యన ఉన్న ఆ ముసలిమనిషి మొండితనం ఎవరికీ పట్టదు.

ఇలా చెబుతూ పోతే పాటను కదిలించకుండా అద్దాల పెట్టెలో పెట్టాలన్నట్టు వినిపిస్తుంది. అది అసలు పొసగదు, ఎందుకంటే దీనికి పూర్తిగా ఎదురు నిలిచే సాక్ష్యం ప్రపంచ సంగీతంలోనే ఉంది. కెనడా కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ ‘హల్లెలూయా’ పాటను 1984లో ‘వేరియస్ పొజిషన్స్’ అనే ఆల్బమ్‌లో పెట్టాడు. ఆయన రికార్డు సంస్థ ఆ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయడానికే మొదట ఒప్పుకోలేదు. పాట దాదాపు మరుగున పడింది. 1991లో ఒక ఫ్రెంచి సంగీత పత్రిక కోహెన్‌కు నివాళిగా ‘ఐయామ్ యువర్ ఫ్యాన్’ ఆల్బమ్ కూర్చింది. అందులో ఈ పాట పాడటానికి సంగీతకారుడు జాన్ కేల్ సాహిత్యం అడిగితే కోహెన్ దగ్గర నుంచి ఫ్యాక్స్‌లో పదిహేను పేజీల చరణాలు వచ్చాయి. కేల్ వాటిలో తనకు కావలసినవి ఏరుకున్నాడు, కోహెన్ రికార్డులోని బృందగానం తీసేసి ఒక్క పియానోతో పాడాడు. 1994లో అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ పాడింది కేల్ కూర్పును అనుసరించే. ఈరోజు లోకమంతా పాడుకుంటున్న పాట ఆకారం చాలావరకు నివాళి ఆల్బమ్‌లో తయారైందే.

కేల్ అసలు రికార్డుకు విధేయుడిగా ఉండలేదు. చరణాలు కోశాడు, వాద్యాలు తీసేశాడు, బృందాన్ని పంపించేశాడు. పైన ఇక్కడి స్టూడియోల మీద మోపిన నేరాలన్నీ అతను చేశాడు. అయినా పాట బతికింది. తేడా ఎక్కడుందంటే, అతను కాగితాల దగ్గరికి వెళ్లాడు. రికార్డులో వినిపించిన దాని వెనక కవి రాసి పక్కన పెట్టిన దాన్ని చదివి, ఈ మాటలకు ఏం కావాలని అడిగి, అక్కర్లేనిది తీసేశాడు. ఇక్కడ చాలామంది చేస్తున్నది దానికి తలకిందులు పని. మాటల దగ్గరికి వెళ్లకుండా, యూట్యూబ్‌లో విన్న వేరొకరి పాటను విని, దాని మీద ఇంకా కొన్ని వాద్యాలు చేరుస్తారు. అక్కడ తప్పుగా విన్న మాట ఇక్కడ తప్పుగానే దిగుతుంది. ‘పోతున్నాడమ్మా’ అలా వ్యాపించిందే.

తీసేయడానికి ధైర్యం కావాలి, కలపడానికి కీబోర్డు చాలు. కోహెన్ పాటలో బృందం అడ్డుగా ఉంది కాబట్టి తీస్తే బతికింది. అంజయ్య పాటలో బృందమే ప్రాణం కాబట్టి అది ఉంచి మిగతావి తీయాలి. ఫ్లూటు, వయొలిన్, గమకాలు, ప్రతిధ్వని అన్నీ పోయినా ఆ పాటకు వచ్చే లోటు లేదు.

‘జయ జయహే తెలంగాణ’ విషయంలో జరిగిన గొడవను ఈ వెలుతురులో చూస్తే మరోలా కనిపిస్తుంది. అందెశ్రీ రాసిన ఈ పాటను ఉద్యమకాలమంతా సభల్లో, ర్యాలీల్లో జనం ఆయన బాణీలోనే పాడారు. 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా వచ్చినప్పుడు కీరవాణి సంగీతంతో వచ్చింది. కీరవాణి తెలంగాణవాడు కాదన్న అభ్యంతరంతో తెలంగాణ సినీ సంగీత కళాకారుల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. వాదులాట అంతా సంగీత దర్శకుడి ఊరు చుట్టూ తిరిగింది. సంగీతపరంగా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: మైకూ వాద్యాలూ లేని చోట, శ్రుతి ఇచ్చేవాడు లేని చోట, వందమంది దీన్ని ఒకేసారి ఎత్తుకోగలరా? ఎత్తుకున్నాక చివరిదాకా మోయగలరా? రెండున్నర నిమిషాల చిన్న రూపం ఒకటి తయారుచేయడంలో ఆ ఆలోచన కొంత కనిపిస్తుంది. ప్రభుత్వ సభల్లో వాద్యబృందంతో వచ్చే రికార్డును అందరూ నిలబడి వింటారు. విన్నంతలో అది బాగానే ఉంటుంది. జనం పాడుతూ వచ్చిన పాటను జనం నిలబడి వినే పాటగా మార్చడం చిన్న మార్పేమీ కాదు. ఏ ఊరి సంగీత దర్శకుడు చేసినా అది అంతే.

నివాళి మరీ బాగా కుదిరితే వచ్చే చిక్కు వేరు. ‘బండెనక బండి కట్టి’ అనగానే నూటికి తొంభైమందికి గద్దర్ గుర్తొస్తారు. ‘మా భూమి’ సినిమాలో గొంగడి వేసుకుని ఆయన పాడిన తీరు అలాంటిది. ఆ పాట కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. గద్దర్ దాన్ని మరో తరానికి అందించారు, ఆయన పాడకపోతే ఇంత దూరం వచ్చేది కాదేమో కూడా. అయినా పాటను బతికించిన గొంతే పాట కట్టినవాడి పేరును కప్పేసింది. ఇందులో గద్దర్ తప్పు వెతకడం అన్యాయం. ఆయన పాడుతున్నప్పుడు అదొక నివాళి అనే స్పృహే లేదు, పోరాటంలో చేతికందిన ఆయుధం అది. ఇప్పుడు ఆల్బమ్‌గా, లెక్కాపత్రంతో, డబ్బుతో చేస్తున్నప్పుడు మాత్రం ఆ సాకు చెల్లదు.

చట్టం ఈ విషయంలో ఏమంటోందో చూస్తే కొంచెం నవ్వొస్తుంది. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణతో 31సి సెక్షను చేరింది. దాని ప్రకారం ఒక పాట మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడిస్తేనే మరొకరు కవర్ రికార్డు తేవచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. చిన్న భాషల విషయంలో ఆ సంఖ్యను తగ్గించే వీలుంది. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మాటల్లో గానీ బాణీలో గానీ మార్పు చేయకూడదు. అంతకుముందు నియమం ఇంత గట్టిగా ఉండేది కాదు. ఎనభైల్లో చవక క్యాసెట్ల వ్యాపారం ఆ సందులోంచే పెరిగింది.

సినిమా పాటకు ఈ నియమాలు అతుకుతాయి. మంది పాటకు ఎలా అతుకుతాయి? మార్పు చేయకూడదంటే ఏ రూపం నుంచి? కవి ఒక సభలో ఎనిమిది చరణాలు పాడాడు, ఇంకో సభలో ఆ ఊరి చెరువు పేరు చేర్చి తొమ్మిది పాడాడు. మొదటి రికార్డింగు ఏదంటే, ఎవరో టేపులో పట్టుకున్నది. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ధూం ధాం సభల్లో పాట వేదిక మీద నుంచి వేదిక మీదికి వెళుతూ ప్రతి రాత్రీ కొంచెం మారేది. ఆ మార్పు పాట స్వభావంలోనే ఉంది. రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుందని చట్టం చెబుతుంది. ఆ హక్కును నిరూపించుకునే కాగితం పాటకవి కుటుంబం దగ్గర సాధారణంగా ఉండదు.

కాబట్టి చట్టం కంటే ముందు మర్యాద కావాలి. మంచి నివాళికి కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కవి పాడిన రికార్డు ఉంటే, ఎంత గరగరలాడినా, ఆల్బమ్‌లో మొదట దాన్నే పెట్టాలి. మిగతా పాటలను వీలైనంతవరకు బయట, మంది మధ్య, కాగబెట్టిన డప్పుతో రికార్డు చేయాలి. క్లిక్ ఆపేయాలి. కుక్క మొరిగితే మొరగనివ్వాలి. రాష్ట్రం వచ్చాక ఏర్పడిన సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. వంత అంటే ఏమిటో ఎముకల్లో తెలిసినవాళ్లు అందులో ఎంతోమంది. పథకాల ప్రచారానికి పాడించినట్టే, ఒక పాటకవి పాటలన్నింటినీ అన్ని చరణాలతో పాడించి దాచిపెట్టడానికి వాళ్లు ఉన్నారు. పాట కింద పూర్తి సాహిత్యం అచ్చువేయాలి, ‘న్న’కు దీర్ఘం పెట్టకుండా.

ప్రస్తుతానికి ఫోనులో కనిపించే నివాళి వీడియోల కింద పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. గాయని, గాయకుడు, సంగీతం, కీబోర్డు, రిథమ్, మిక్సింగ్, కెమెరా, డ్రోన్, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, నిర్మాత, నిర్మాత తల్లిదండ్రుల ఆశీస్సులు, ప్రత్యేక కృతజ్ఞతలు. ఇన్ని పేర్లూ సరిచూసుకుని, అక్షరదోషాల్లేకుండా రాస్తారు. ఎవరి కోసం ఇదంతా చేశారో ఆయన ఫొటో, దండతో సహా, పైన ఉంటుంది. కిందికి వస్తే, ఆయన పాట కాక అదే ఆల్బమ్‌లో చేర్చిన మరో కవి పాట ఎదుట ‘రచన’ అన్న గడిలో ‘జానపదం’ అని ఉంటుంది. ఆ కవి బహుశా పక్క మండలంలోనే ఉంటాడు.